‘నీళ్లు పడలేదు’ అని లీవ్ లెటర్ రాసే ముందు



జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం నా టేబుల్ మీద లీవ్ లెటర్ల కట్ట ఒకటి చేరుతుంది. ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి అలవాటుకొద్దీ ఎర్ర పెన్ను పట్టుకునే వాటిని చదువుతాను. సగం ఉత్తరాల్లో ఒకటే వాక్యం: ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ అండ్ మోషన్స్ డ్యూ టు చేంజ్ ఆఫ్ వాటర్’. ఇది ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు. ఇంట్లో ‘అక్కడి నీళ్లు పడలేదు’ అంటాం చూడండి, అదే. వ్యాకరణం సంగతి అలా ఉంచండి, ఆ మాటతో నా పేచీ వేరు. నీళ్లు పడలేదు అనేస్తే ఇక మనం చేసేదేమీ లేనట్టు ఉంటుంది. తప్పంతా ఆ ఊరి మీదికి తోసేసి ఊరుకుంటాం. నిజానికి ఆ ఒక్క మాట వెనక నాలుగైదు వేరువేరు జబ్బులు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో దారిన వస్తుంది. చాలావాటికి ఆ దారి మూసేయడం మన చేతిలోనే ఉంది.

ఈపాటికి మీలో చాలామంది టికెట్లు బుక్ చేసుకునే ఉంటారు. తిరుమల, అరకు, ఊటీ, లేదంటే హాయిగా అమ్మమ్మగారి ఊరు. బట్టల సూట్‌కేసు ఎలాగూ సర్దుతారు. దాంతోపాటు ఏం సర్దాలో, ఏం గమనించాలో చెబుదామని ఈ నెల పేజీ తీసుకున్నాను. నేను డాక్టర్ని కాను. మందులు, మోతాదుల విషయంలో మీ పిల్లల డాక్టర్ చెప్పిందే చేయండి.

అసలు పడనిది ఏది?

‘నీళ్లు పడలేదు’ అనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన తాతయ్య బోరింగు నీళ్లు తాగినా ఏమీ కాదు. అక్కడి సూక్ష్మజీవులు ఆయన ఒంటికి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు, బడిలో ఆర్‌ఓ నీళ్లు తాగి పెరిగిన మన పిల్లలకు అవి కొత్త. కానీ పడనిది నీళ్లు కావు, నీళ్లలో కలిసిన మురికి. ఆ మురికి మంచినీళ్ల గ్లాసులోంచే రావాలని ఏమీ లేదు.

స్టేషన్‌లో సీలు చూసి మరీ వాటర్ బాటిల్ కొంటాం. బయటికి రాగానే బండి మీద ఐసు వేసిన చెరుకు రసం తాగిస్తాం. ఆ ఐసు గడ్డ ఏ నీళ్లతో చేశారో, ఏ గోనెసంచిలో చుట్టి తెచ్చారో ఎవరికీ తెలియదు. గడ్డకట్టినంత మాత్రాన నీళ్లలోని క్రిములు చావవు. చెరుకు రసం తాగించాలనిపిస్తే ఐసు లేకుండా, గ్లాసు కడిగిన నీళ్లను ఒకసారి చూసుకుని తాగించండి. నన్నడిగితే ఎండాకాలం ప్రయాణంలో కొబ్బరి బోండానికి మించింది లేదు.

టిఫిన్ విషయంలో నాది ఒకటే లెక్క. పొగలు కక్కుతూ ప్లేట్లోకి వచ్చింది తినొచ్చు. ఇడ్లీతో భయం లేదు, ఆవిరి మీద ఉడికి నేరుగా వస్తుంది. నా అనుమానమంతా చట్నీ మీదే. పచ్చి కొబ్బరి, కాచని నీళ్లు, పొద్దున ఆరింటికి రుబ్బింది పదింటికీ అదే గిన్నెలో ఉంటుంది. పిల్లలకు వేడి సాంబారుతోనో, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి, నెయ్యితోనో పెట్టండి. కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలకన్నా మనమే తొక్క తీసుకునే అరటిపండు, కమలా, తాటిముంజలు మేలు. రైలుకు పులిహోర కట్టుకెళ్లిన మన పెద్దవాళ్లు తెలివైనవాళ్లు. చింతపండు పులుపుకు ఆ అన్నం మామూలు అన్నంలా తొందరగా పాడవదు. అయినా మే నెల ఎండలో పొద్దున కట్టింది మధ్యాహ్నానికి తినేయాలి, రాత్రికి దాచొద్దు.

ఒక చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ సూట్‌కేసులో పడేసుకుంటే హోటల్ గదిలో నీళ్ల బెంగ ఉండదు. నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే చాలు. చల్లారిన ఆ నీళ్లతోనే పిల్లల చేత పళ్లు కూడా తోమించండి. ఇక శానిటైజర్ జేబులో ఉంది కదా అని సబ్బు మర్చిపోవద్దు. మట్టీ జిడ్డూ ఉన్న చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు. తినే ముందు, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక సబ్బే వాడాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా మోషన్స్ పట్టుకోవచ్చు. అప్పుడు ఏం చేస్తామన్నదే అసలు విషయం.

ప్యాకెట్ మీద పేరు, ప్యాకెట్ లోపలి మందు

రెండేళ్ల కిందటి వేసవిలో మా మూడో తరగతి అబ్బాయి ఒకడు ఊటీ వెళ్లి వస్తుండగా రైల్లోనే మోషన్స్ మొదలయ్యాయి. వాళ్ల నాన్నగారు ఇంటికి రాగానే మెడికల్ షాపుకు వెళ్లి ‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అని అడిగారు. షాపతను అందమైన అట్ట డబ్బాలు నాలుగు చేతిలో పెట్టాడు. మీద పెద్ద అక్షరాలతో ఓఆర్‌ఎస్ అనే ఉంది, రుచి కమలాపండుది. పిల్లాడు ఇష్టంగా తాగాడు. సాయంత్రానికి నాలుగూ అయిపోయాయి, మోషన్స్ రెట్టింపయ్యాయి. మర్నాటి మధ్యాహ్నానికి వాడు మంచం మీంచి లేవలేకపోయాడు. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. జూన్‌లో పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఆయన నాతో అన్న మాట ఇంకా గుర్తుంది: ‘మేడం, చదువుకున్నవాళ్లమే. ముందు వైపు చదివాం, వెనక వైపు చదవలేదు.’

ఆ వెనక వైపు ఏముంటుందో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. అన్నీ కలిపి 20.5 గ్రాములు. ఆ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకులు కొన్నింటిలో చక్కెరే లీటరుకు వంద గ్రాములకు పైగా ఉండేది. ఎక్కువైన చక్కెర ఒంట్లో ఉన్న నీళ్లను పేగులోకి లాగుతుంది. అంటే మోషన్స్ ఆపాల్సింది పోయి పెంచుతుంది. ఈ పేరు మోసం మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. అయినా షాపులో అడిగేటప్పుడు ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ఓఆర్‌ఎస్’ అనే అడగండి. ప్యాకెట్ మీద ఆ మాట ఉందో లేదో చూసి తీసుకోండి. గ్లూకోజ్ పొడి ఓఆర్‌ఎస్ కాదు. ఉప్పు కలిపిన కూల్‌డ్రింకూ కాదు.

ఉప్పూ చక్కెరా కలిసిన నీళ్లు ఇంత పని ఎలా చేస్తాయని మా పిల్లలే ఒకసారి నన్ను అడిగారు. పేగు గోడకు ఒక తలుపు ఉందనుకోండి. సోడియం, గ్లూకోజ్ జోడీగా వస్తేనే అది తెరుచుకుంటుంది. అవి లోపలికి వెళ్తూ వెంట నీళ్లను తీసుకెళ్తాయి. విరేచనాలతో పేగు నీరసించినా ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ అనే డాక్టర్ ఇదే మిశ్రమాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించమన్నారు. వందకు ముప్పై మంది పోతున్న చోట మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు, అప్పటికే ఆయన లేరు. మెడికల్ షాపులో కొన్ని రూపాయలకు దొరికే ఆ పొడి వెనక ఇంత కథ ఉంది.

కలపడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకు, చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లకు. పెద్ద ప్యాకెట్‌లో కొంచెం గ్లాసులో వేసి మిగతాది మడిచి పెట్టడం తప్పు, కొలత తప్పితే మందు మందు కాదు. ప్రయాణంలో కొలత గ్లాసు ఎక్కడిదంటారా? సీలున్న లీటరు వాటర్ బాటిల్ తీసుకోండి. కాసిని నీళ్లు గ్లాసులోకి వంచి, పొడి మొత్తం బాటిల్లో వేసి, బాగా కదిపి, వంచిన నీళ్లు మళ్లీ అందులోనే పోసేయండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తగా కలపండి. మోషన్ అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200, అంతకన్నా పెద్దవాళ్లకు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచా చెంచాగా పట్టండి. ప్యాకెట్ దొరకని చోట లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు చెయ్యి జారితే ప్రమాదం కాబట్టి ఇది ప్యాకెట్ దొరికేదాకానే.

తిండి మాత్రం మానిపించొద్దు. పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, అరటిపండు పెట్టొచ్చు. మోషన్స్ టక్కున ఆపే పెద్దవాళ్ల మాత్రలు పిల్లలకు వేయొద్దు, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ సీసా అసలే తీయొద్దు. జింక్ మందు గురించి డాక్టర్‌ను అడగండి, మామూలుగా 14 రోజులు వాడమంటారు. మలంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, పిలిచినా మత్తుగా పడి ఉండడం, తాగింది తాగినట్టు కక్కేయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దర్శనం టికెట్టూ హోటల్ బుకింగూ పక్కనబెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి.

నిండుగా తిరిగొచ్చే వాటర్ బాటిల్

ఇది బడిలో రోజూ చూసే విషయం కాబట్టి కొంచెం గట్టిగానే రాస్తున్నాను. ఆడపిల్లలు చాలామంది ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే నీళ్లు తగ్గించేస్తారు. పిక్నిక్‌లకు బస్సులో తీసుకెళ్లినప్పుడు గమనించాను, పొద్దున నింపిచ్చిన బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా తిరిగొస్తుంది. అడిగితే చెప్పరు. కారణం దాహం లేక కాదు, టాయిలెట్ బాగుండదని. ఆరేడు గంటలు బిగపట్టుకుంటారు. రెండు రోజులయ్యాక మూత్రంలో మంట, జ్వరం, కడుపునొప్పి. ఇంట్లో ‘వేడి చేసింది’ అంటారు. అది చాలాసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దానికి పరీక్ష చేయించి మందు వాడాలి. మలబద్ధకం కూడా ఇలా మొదలయ్యేదే.

‘నీళ్లు తాగు’ అని వందసార్లు చెప్పడం కన్నా టాయిలెట్ సంగతి ముందు చూడండి. కారులో వెళ్తుంటే రెండున్నర, మూడు గంటలకోసారి శుభ్రంగా ఉండే హోటల్ దగ్గర ఆపి, అడగకముందే మీరే వెంట తీసుకెళ్లండి. టిష్యూలు, పేపర్ సోప్, ఒక ఖాళీ మగ్గు బ్యాగులో ఉంచండి. పెద్దమ్మాయి అయితే ప్యాడ్లూ, వాడినవి చుట్టడానికి కాగితం కవర్లూ వాళ్ల బ్యాగులోనే విడిగా పెట్టండి. నాన్నగారు, అన్నయ్య ముందు అడగాలంటే వాళ్లకు ఇబ్బంది. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి మూత్రం రంగే కొలత. లేత పసుపైతే సరే, ముదురు పసుపైతే చాలడం లేదు.

ఎండా, ఘాట్ రోడ్డూ

కోస్తాలో మే నెల ఉక్క మీకు నేను చెప్పక్కర్లేదు. చెమట ఆరని వాతావరణంలో ఒళ్లు చల్లబడదు, అందుకే బెజవాడ ఎండకన్నా ఉక్కే ఎక్కువ దెబ్బతీస్తుంది. పన్నెండు నుంచి నాలుగు దాకా పిల్లలను తిప్పొద్దు. గుడి క్యూలో నిలబడాల్సి వస్తే ఖాళీ కడుపుతో నిలబెట్టొద్దు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ప్రవర్తిస్తుంటే అది వడదెబ్బ. దానికి జ్వరం మందు పనిచేయదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. రాష్ట్రం దాటి ఉంటే 112. మత్తులో ఉన్న పిల్లాడి నోట్లో నీళ్లు పోయొద్దు. ‘ఐదు నిమిషాలే కదా’ అని పిల్లలను కారులో వదిలి వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎండలో ఆగిన కారు ఆ ఐదు నిమిషాల్లోనే కొలిమి అవుతుంది.

ఘాట్ రోడ్డు వాంతులు జబ్బు కాదు. తల వంచుకుని ఫోన్‌లో ఆట ఆడుతున్న పిల్లాడి కళ్లు ‘కదలడం లేదు’ అంటాయి, చెవి లోపలి భాగం ‘మలుపులు తిరుగుతున్నాం’ అంటుంది. ఆ పొంతన కుదరకే వికారం. తిరుమలకైనా శ్రీశైలానికైనా కొండ ఎక్కడం మొదలవగానే ఫోన్ తీసుకుని, అద్దం కాస్త దించి, ముందున్న రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి. రెండు ఇడ్లీలు తిన్న కడుపు ఫర్వాలేదు, పూరీ కూర తిన్నదే తిప్పుతుంది. ప్రతిసారీ ఇబ్బంది పడే పిల్లలకు మాత్ర ఉంది కానీ వికారం మొదలయ్యాక వేస్తే లాభం లేదు, బయల్దేరక ముందే వేయాలి. ఎంత వేయాలో డాక్టర్‌తో రాయించుకోండి.

అమ్మమ్మగారి ఊళ్లో

పల్లెలో పిల్లలు చెట్లెంట పుట్టలెంట తిరగాల్సిందే. తిరగొద్దని నేను అనను. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు మాత్రం ఒళ్లంతా ఒకసారి చూడండి. చంకలు, గజ్జలు, చెవుల వెనక, నడుము దగ్గర. పొదల్లో ఉండే నల్లిలాంటి అతి చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. కొన్నాళ్లకు అక్కడ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, అందరికీ కట్టాలనీ లేదు. పైకి డెంగీలాగే ఉండే ఈ జ్వరానికి మందు చవక, తొందరగా గుర్తుపట్టడమే కష్టం. ఆ మచ్చ కనిపిస్తే డాక్టర్‌కు తప్పకుండా చూపించండి.

డెంగీ దోమ పగలు కుడుతుంది. రాత్రి దోమతెర ఒక్కటే చాలదు, పగలు కూడా నిండు చేతుల చొక్కాలు వేయండి. అరకు, పాడేరు వైపు వెళ్లేవాళ్లు మలేరియానూ గుర్తుంచుకోవాలి. ఇక కుక్క కరిచినా, గీరినా ఆ చోట పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ‘తెలిసిన కుక్కే’ అని ఊళ్లోవాళ్లు అంటారు, అది వినకండి.

తిరిగొచ్చాక

లీవ్ లెటర్లు చూసినప్పుడల్లా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. జ్వరం జూన్‌లో వస్తుంది, దాని మూలం మేలో ఉంటుంది. రెండింటినీ ఎవరూ కలిపి చూడరు. డెంగీ దోమ కుట్టాక 4 నుంచి 10 రోజులకు బయటపడుతుంది. స్క్రబ్ టైఫస్ వారం పది రోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు. టైఫాయిడ్‌కు వారం నుంచి రెండు వారాలు, కొన్నిసార్లు నెల కూడా పట్టొచ్చు. మలేరియా అంతకన్నా ఆలస్యం కావచ్చు. కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వచ్చే కామెర్లు, అంటే హెపటైటిస్ ఎ, సగటున నాలుగు వారాలకు కానీ కనిపించవు. అప్పటికి ప్రయాణం ఫొటోలు కూడా పాతబడిపోతాయి. డాక్టర్ దగ్గర మనం ‘రెండు రోజుల నుంచి జ్వరమండీ’ అని మాత్రమే చెబుతాం. ‘మే చివర్లో అరకు వెళ్లాం, అక్కడ రెండు రాత్రులున్నాం’ అనే ముక్క కూడా కలిపితే ఆయన ఏ పరీక్ష రాయాలో వెంటనే తేలుతుంది.

టైఫాయిడ్‌కు టీకా ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా, ఆ రకంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటిది. మీ పిల్లల టీకాల కార్డు తీసి అది పడిందో లేదో ఈ వారమే చూడండి. పడకపోతే బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి. ప్రయాణం రోజు గుర్తొస్తే లాభం లేదు. ఆ కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పిల్లల బరువు, వాళ్లకు పడని మందుల పేర్లు, జ్వరం సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వాలో డాక్టర్ రాసిన చీటీ కూడా. సిరప్ ఒక్కో సీసా ఒక్కో బలంలో వస్తుంది కాబట్టి కొత్త ఊళ్లో కొన్న సీసాకు పాత లెక్క వాడితే మోతాదు తప్పుతుంది.

నాదొక చిన్న కోరిక. బడి తెరిచిన రోజు స్కూల్ డైరీ రిమార్క్స్ గడిలో సెలవుల్లో పిల్లలు ఏ ఊరు వెళ్లారో, ఏ తేదీన తిరిగొచ్చారో ఒక్క లైన్ రాసి పంపండి. తెలుగులో రాసినా సరే, ఎర్ర పెన్ను తీయను. జూన్, జూలైలో క్లాసులో ఎవరి ఒళ్లయినా వెచ్చబడితే ముందు ఆ గడి చూసి, ఆ తర్వాతే మీకు ఫోన్ చేస్తాను.